పైల్స్ అని ఎవరు చూసి చెప్పారు?

ప్రశ్న: మా ఆయనకు 44 ఏళ్లు. ఐదారు నెలలుగా అప్పుడప్పుడు మోషన్‌లో రక్తం పడుతోంది. అడిగితే "పైల్స్, పాతవేలే" అంటారు. పదేళ్ల కిందట ఒక డాక్టరు పైల్స్ అని చెప్పిన మాట నిజమే. కానీ ఇప్పుడు పొద్దున్నే మూడు నాలుగుసార్లు బాత్రూంకి వెళ్లొస్తున్నారు. అయినా పూర్తిగా అయినట్టు అనిపించడం లేదంటారు. బెల్టు రెండు రంధ్రాలు లోపలికి బిగించాల్సి వస్తోంది. నీరసంగా ఉందని రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 10.1 ఉంది. ఐరన్ మాత్రలు రాసిచ్చారు. కడుపుకు అల్ట్రాసౌండ్ తీస్తే నార్మల్ అన్నారు. మాత్రలు మొదలుపెట్టాక మలం నల్లగా వస్తోందట, దాంతో నాకు భయం ఇంకా పెరిగింది. మా మామగారికి 56వ ఏట పేగుకు ఆపరేషన్ అయింది. అదేమిటో ఇంట్లో ఎవరూ సరిగా చెప్పరు. ఫోన్‌లో క్యాన్సర్ లక్షణాలు చదివి రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నేను అనవసరంగా టెన్షన్ పడుతున్నానా? కొలనోస్కోపీ మాటెత్తితే ఆయన లేచి వెళ్లిపోతున్నారు.
— ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, మీ టెన్షన్ అనవసరమైనది కాదు. ముందు ఆ మాట చెప్పాలనిపించింది. ఇంట్లో అందరూ "ఏం కాదులే" అంటున్నప్పుడు ఒక్కరే భయపడుతూ కూర్చోవడం చాలా కష్టం.

మీవారికి క్యాన్సర్ ఉందో లేదో ఉత్తరం చదివి చెప్పడం ఎవరి వల్లా కాదు. నేనూ చెప్పను. మోషన్‌లో రక్తం కనిపించిన వాళ్లలో ఎక్కువమందికి చివరికి తేలేది క్యాన్సర్ కాదు. కానీ మీరు రాసినవన్నీ ఒకే మనిషిలో, ఒకే ఆరు నెలల్లో కలిసి వచ్చాయి. రక్తం, మోషన్ తీరు మారడం, హిమోగ్లోబిన్ తగ్గడం, బరువు తగ్గడం. వీటికి తోడు ఎప్పుడో తండ్రికి జరిగిన పేగు ఆపరేషన్. వీటిలో కొన్ని విడిగా వస్తే "చూద్దాం" అనొచ్చేమో. అన్నీ కలిసినప్పుడు మాత్రం అనకూడదు. ఈ వారంలోనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కొలనోస్కోపీ, అంటే మలద్వారం గుండా కెమెరా ఉన్న సన్నటి గొట్టం పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్ష, రెండు మూడు వారాల్లో అయిపోవాలి. పండగ అయ్యాక, ఆఫీసు పని తగ్గాక, పిల్లల పరీక్షలు అయ్యాక అని వాయిదా వేసే వ్యవహారం కాదిది.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపిన మాట "పాతవేలే" అన్నది. పదేళ్ల కిందట ఒక డాక్టరు చూసి పైల్స్ అన్నారు. సరే, అప్పటికి అది నిజం. ఈ ఆరు నెలల రక్తాన్ని చూసి పైల్స్ అని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఆయనకు ఆయనే చెప్పుకున్నారు. ఇన్నేళ్ల ప్రాక్టీసులో నాకు బాగా బాధ కలిగించిన కేసులన్నీ దాదాపు ఇలాగే మొదలయ్యాయి. పైల్స్ ఉన్నాయి, నిజంగానే ఉన్నాయి. వాటికి జానెడు పైన ఇంకొకటి కూడా ఉంది. మొదటిది దొరికేసరికి రెండోదాని కోసం ఎవరూ వెతకలేదు. పైల్స్ ముదిరి క్యాన్సర్ అవుతాయన్న భయం అక్కర్లేదు, అలా మారవు. కానీ పైల్స్ ఉన్నంత మాత్రాన క్యాన్సర్ రాకుండానూ ఉండదు. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు.

రక్తాన్ని చూసి కొంత ఊహించవచ్చు. పైల్స్ రక్తం ఎర్రగా, తాజాగా ఉంటుంది. మోషన్ అయిపోయాక బొట్లుబొట్లుగా పడుతుంది, లేదా తుడిచినప్పుడు కనిపిస్తుంది. మామూలుగా నొప్పి ఉండదు. చీలిక, అంటే ఫిషర్ అయితే మోషన్ అవుతున్నప్పుడు బ్లేడుతో కోసినట్టు నొప్పి పుడుతుంది, ఆ మంట తర్వాత కూడా చాలాసేపు ఉంటుంది. రక్తం మలంలో కలిసిపోయి ఉన్నా, ముదురు రంగులో ఉన్నా, జిగురుతో పాటు వచ్చినా, అది కాస్త పై నుంచి వస్తోందని అనుమానించాలి. అయితే ఈ తేడాలను నమ్ముకుని ఇంట్లోనే తీర్పు చెప్పుకోవద్దు. మలాశయంలో, అంటే పేగు చివరి జానెడులో గడ్డ ఉంటే దాని రక్తం కూడా అచ్చం పైల్స్ రక్తంలాగే ఎర్రగా, తాజాగా ఉంటుంది. రంగు చూసి ఊరుకున్నవాళ్లు మోసపోయేది ఇక్కడే.

అందుకే మొదటి పరీక్ష చాలా చిన్నది. డాక్టరు గ్లవ్ వేసుకుని వేలితో మలద్వారం లోపల తడిమి చూస్తారు. నిమిషం కూడా పట్టదు. మలాశయం కింది భాగంలో ఉన్న గడ్డలు చాలావరకు ఆ వేలికే తగులుతాయి. ఆ తర్వాత చిన్న గొట్టం లాంటి ప్రాక్టోస్కోప్‌తో పైల్స్ ఉన్నాయో లేవో కళ్లతో చూస్తారు. ఈ రెండూ చేయకుండా ఎవరైనా లక్షణాలు విని పైల్స్ మందు రాసిస్తే, దయచేసి "ఒకసారి చూడండి డాక్టర్‌గారూ" అని అడగండి. అడగడం మర్యాద తప్పినట్టు కాదు. సిగ్గు ఇటు పేషెంటుకూ ఉంటుంది, అటు వరసలో బయట నలభై మంది కూర్చున్న డాక్టరుకు తొందరా ఉంటుంది. ఆ రెండింటి మధ్య ఈ నిమిషం పరీక్ష తప్పిపోతుంటుంది.

ఇక మీరు ఫోన్‌లో చదివిన లక్షణాల సంగతి. అక్కడ అన్నీ ఒకే జాబితాలో కలిపి రాసేస్తారు కాబట్టి ప్రతిదీ మనకే ఉన్నట్టు అనిపిస్తుంది. నిజానికి ఏ లక్షణం వస్తుందన్నది గడ్డ పేగులో ఎక్కడ ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. పెద్దపేగు సుమారు ఐదడుగుల పొడవు. పొట్టకు కుడివైపు కింద మొదలై, పైకి వెళ్లి, అడ్డంగా ఎడమవైపుకు వచ్చి, మళ్లీ కిందికి దిగి, మలాశయంలో కలుస్తుంది. కుడివైపు పేగు వెడల్పుగా ఉంటుంది, అక్కడ మలం ఇంకా నీళ్లలా ఉంటుంది. అందువల్ల గడ్డ ఉన్నా దారి మూసుకుపోదు, మోషన్ మామూలుగానే అవుతుంది. రోజూ కాస్త కాస్త రక్తం కారుతుంది, అది మలంలో కలిసిపోతుంది, కంటికి కనిపించదు. చివరికి మెట్లు ఎక్కుతుంటే ఆయాసం, మొహం పాలిపోవడం, కారణం తెలియని నీరసం మిగులుతాయి. ఎడమవైపు పేగు సన్నం, అక్కడికి వచ్చేసరికి మలం గట్టిపడుతుంది. అందుకే అక్కడ గడ్డ ఉంటే మోషన్ తీరు మారుతుంది. కొన్నాళ్లు మలబద్ధకం, మధ్యలో ఉన్నట్టుండి లూజ్ మోషన్స్, మళ్లీ మలబద్ధకం. కడుపు ఉబ్బరం, గ్యాస్ పట్టేసినట్టు నొప్పి వచ్చి పోతుంటుంది.

మలాశయం సంగతి వేరు. అది నిండిందా ఖాళీ అయిందా అని మనకు కబురు పంపే చోటు అది. అక్కడ ఏదైనా గడ్డ కూర్చుంటే, మలం ఇంకా ఉందనే శరీరం అనుకుంటుంది. మనిషి మళ్లీ మళ్లీ వెళ్తాడు, కూర్చుంటాడు, ముక్కుతాడు. కాస్త జిగురో, రక్తమో తప్ప ఏమీ రాదు. లేచి వచ్చిన పది నిమిషాలకే మళ్లీ వెళ్లాలనిపిస్తుంది. మీవారు పొద్దున్నే మూడు నాలుగుసార్లు వెళ్లి వస్తున్నా "పూర్తిగా కాలేదు" అంటున్న మాటను నేను తేలిగ్గా తీసుకోలేకపోయింది అందుకే. పేగు వాపు జబ్బుల్లో, ఇన్‌ఫెక్షన్లలో కూడా ఇలా జరుగుతుంది. ఏదైనా సరే, లోపల చూడకుండా తేలదు.

మోషన్ విషయంలో అందరికీ వర్తించే నార్మల్ అంటూ ఏదీ లేదు. కొందరు రోజుకు రెండుసార్లు వెళ్తారు, కొందరు రెండు రోజులకు ఒకసారి వెళ్తారు, ఇద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు. ఎన్నిసార్లు అన్నదాని కన్నా, ఆ మనిషి ఇన్నేళ్ల అలవాటు ఎప్పటి నుంచి మారింది, మారి ఎన్ని వారాలైంది అన్నది అడగాలి. ఒక వారం కడుపు తేడా చేయడం ఎవరికైనా జరుగుతుంది. ఒక రోజు మలం సన్నగా వచ్చిందని భయపడిపోనక్కర్లేదు. మూడు నాలుగు వారాలు దాటినా పాత తీరు తిరిగి రాకపోతే డాక్టరుకు చూపించాలి. మీవారికి నెలలు గడిచాయి.

ఇప్పుడు హిమోగ్లోబిన్. నా దృష్టిలో మీ ఉత్తరంలో ఇదే అన్నిటికన్నా గట్టి సంగతి, మీ ఇంట్లో మాత్రం అన్నిటికన్నా తేలిగ్గా దాటిపోయింది. 44 ఏళ్ల మగమనిషికి హిమోగ్లోబిన్ 13 కన్నా తగ్గితేనే రక్తహీనత అంటాం. 10.1 అంటే బాగా తక్కువ. ఆడవాళ్లకు నెలసరి వల్ల ఐరన్ తగ్గుతుంది, మగవాళ్లకు అలా రక్తం పోయే దారి లేదు. ఐరన్ లోపం వల్లే హిమోగ్లోబిన్ తగ్గిందని తేలితే, మగవాళ్లలోనూ నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలోనూ ముందుగా అనుమానించాల్సింది కడుపులోనో పేగులోనో ఎక్కడో రక్తం కారుతోందని. దానికి మాత్రలు ఇచ్చి ఊరుకోవడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. మాత్రలు తప్పని కాదు, ఆయనకు అవి కావాలి. చిల్లు ఎక్కడుందో కూడా వెతకాలి. ఫెరిటిన్ అనే రక్తపరీక్ష చేయించి ఉండకపోతే చేయించండి, శరీరంలో ఐరన్ నిల్వ ఎంత ఉందో దానితో తెలుస్తుంది. ఇంకొక సంగతి. మాత్రలు వాడాక హిమోగ్లోబిన్ 12కు పెరిగిందనుకోండి, "చూశావా, తగ్గిపోయింది" అని ఆయన అంటారు. పెరిగినంత మాత్రాన కారణం పోయినట్టు కాదు. పరీక్ష మానకండి.

నల్లటి మలం గురించి మాత్రం కాస్త నెమ్మదించండి. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లకు మలం నల్లగానో, నల్లటి ఆకుపచ్చగానో రావడం మామూలే. మాత్రలు మొదలయ్యాకే ఈ రంగు వచ్చిందంటున్నారు కాబట్టి కారణం అదే అయి ఉండొచ్చు. కానీ మలం తారులా నిగనిగలాడుతూ, జిగటగా, ఎప్పుడూ లేనంత దుర్వాసనతో వస్తుంటే అది వేరు. అప్పుడు జీర్ణాశయంలోనో, దాని దగ్గరి పేగులోనో రక్తం పోతోందని అర్థం. అది కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. అలాగే బీట్‌రూట్ తిన్న మర్నాడు మలం ఎర్రగా కనిపించి హడలిపోయి వచ్చేవాళ్లూ ఉంటారు. వాళ్లనెప్పుడూ తేలిగ్గా చూడను. చూసుకుని వచ్చారు, అది మంచి పనే.

అల్ట్రాసౌండ్ నార్మల్ అన్న కాగితాన్ని చూసి ఆయన ధైర్యం తెచ్చుకుంటున్నారని మీరు రాయకపోయినా నాకు అర్థమవుతోంది. ఆ స్కాన్ లివర్‌ని, గాల్‌బ్లాడర్‌ని, కిడ్నీలను బాగా చూపిస్తుంది. పెద్దపేగులో గాలి, మలం ఉంటాయి కాబట్టి లోపలి గోడ మీద ఉన్న చిన్న గడ్డను అది చూపించలేదు. ఆ రిపోర్టు అబద్ధం కాదు, కానీ మీరు అడుగుతున్న ప్రశ్నకు అది జవాబు కాదు. ట్యూమర్ మార్కర్ అని చేసే సీఈఏ రక్తపరీక్ష కూడా అంతే. తొలిదశ క్యాన్సర్‌లో అది నార్మల్‌గా ఉండొచ్చు, సిగరెట్లు తాగేవాళ్లలో క్యాన్సర్ లేకుండానే పెరగొచ్చు. జబ్బు తేలాక, చికిత్స ఎలా పనిచేస్తోందో చూడటానికి అది పనికొస్తుంది. జబ్బు ఉందో లేదో తేల్చడానికి కాదు.

నొప్పి లేదు కదా అని ఆయన అంటుంటే ఇది చెప్పండి. పేగు లోపలి పొరకు చర్మానికి తెలిసినట్టు నొప్పి తెలియదు. లోపలి పాలిప్‌ను, అంటే చిన్న బుడిపెను, తీగతో కోసి తీసేసినా మనిషికి కోత నొప్పి తెలియదు. అందుకే అక్కడ ఏదైనా పెరుగుతున్నా చాలాకాలం నొప్పి రాదు. బరువు తగ్గడం, ఆగని నొప్పి, చేతికి తగిలే గడ్డ, ఇవన్నీ సాధారణంగా ఆలస్యంగా వచ్చేవి. వాటి కోసం ఎదురుచూడకూడదు.

వయసు గురించి కూడా మీ ఇంట్లో మాట వచ్చే ఉంటుంది, "44 ఏళ్లకే క్యాన్సర్ ఏమిటి" అని. ఒకప్పుడు మేమూ అలాగే అనేవాళ్లం. ఈ జబ్బు ఇప్పటికీ పెద్ద వయసులోనే ఎక్కువ, కానీ చాలా దేశాల్లో 50 లోపు వాళ్లలో పెరుగుతూ వస్తోంది. అమెరికాలో 1950 ప్రాంతంలో పుట్టినవాళ్లు ఏ వయసులో ఎంత ప్రమాదంలో ఉండేవారో, 1990 ప్రాంతంలో పుట్టినవాళ్లకు అదే వయసులో పెద్దపేగు క్యాన్సర్ ప్రమాదం రెండు రెట్లు, మలాశయ క్యాన్సర్ ప్రమాదం నాలుగు రెట్లు ఉందని 2017లో లెక్కగట్టారు. ఏ లక్షణమూ లేనివాళ్లు ముందుజాగ్రత్త పరీక్షలు మొదలుపెట్టాల్సిన వయసును అక్కడ 50 నుంచి 45కు తగ్గించింది కూడా ఇందుకే. 2018లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ ఆ మాట చెప్పింది, 2021లో ముందుజాగ్రత్త పరీక్షల మీద సలహాలిచ్చే అక్కడి ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ కూడా అదే చెప్పింది. హాలీవుడ్ నటుడు చాడ్విక్ బోస్‌మన్ 2020లో ఈ జబ్బుతోనే చనిపోయారు. అప్పటికి ఆయనకు 43 ఏళ్లే. తెర మీద అంత దృఢంగా కనిపించే మనిషికి నాలుగేళ్లుగా పెద్దపేగు క్యాన్సర్ ఉందని చాలామందికి తెలియదు.

50 లోపు వయసులో ఈ క్యాన్సర్ వచ్చినవాళ్ల రికార్డులను వెనక్కి తిరగేసి చూసిన ఒక అమెరికన్ అధ్యయనం 2023లో వచ్చింది. జబ్బు బయటపడటానికి మూడు నెలల నుంచి రెండేళ్ల ముందే నాలుగు సంకేతాలు వాళ్లలో ఎక్కువగా కనిపించాయి. కడుపునొప్పి, మోషన్‌లో రక్తం, తగ్గని విరేచనాలు, ఐరన్ లోపంతో రక్తహీనత. వీటిలో ఒకటి ఉన్నవాళ్లకు ప్రమాదం దాదాపు రెట్టింపు, రెండు ఉంటే మూడున్నర రెట్లు, మూడో అంతకన్నా ఎక్కువో ఉంటే ఆరున్నర రెట్లు. ఈ అంకెలు చూసి బెంబేలు పడకండి. ఆ వయసులో అసలు ప్రమాదం చాలా తక్కువ కాబట్టి, రెట్లు పెరిగినా ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు. నేను దీన్ని చెప్పింది "మూడు నెలల నుంచి రెండేళ్లు" అన్న మాట కోసం. అంత ముందుగా శరీరం చెబుతోంది. వినడానికి అంత సమయం దొరుకుతోంది.

మీ మామగారి ఆపరేషన్ విషయం నాకు మనసులో గుచ్చుకుంది. 56వ ఏట పేగుకు ఆపరేషన్, ఇంట్లో ఎవరూ పేరు ఎత్తరు. క్యాన్సర్ అన్న మాటను ఇంట్లో దాచడం ప్రేమతోనే జరుగుతుంది, పిల్లలు భయపడతారని. కానీ ఆ మౌనం వల్ల పిల్లలకు తెలియాల్సిన ఒక తేదీ తెలియకుండా పోతుంది. తల్లికో, తండ్రికో, అన్నదమ్ముల్లోనో అక్కచెల్లెళ్లలోనో ఒకరికో పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే, మిగతావాళ్లు 40 ఏళ్లకు, లేదా వాళ్లకు జబ్బు తేలిన వయసు కన్నా పదేళ్లు ముందు, ఈ రెండింటిలో ఏది ముందు వస్తే అప్పుడు కొలనోస్కోపీ మొదలుపెట్టాలని చాలామంది నిపుణులు చెబుతారు. మీ మామగారిది అదే జబ్బు అయితే, 56లో పది తీసేస్తే 46. 40 ముందు వస్తుంది. అంటే ఒంట్లో ఏ తేడా లేకపోయినా మీవారికి నాలుగేళ్ల కిందటే ఈ పరీక్ష జరిగి ఉండాలి.

కాబట్టి అత్తగారిని అడగండి. నిలదీసినట్టు కాదు, ఆ కాగితాలు ఇప్పుడు డాక్టరుకు కావాలని చెప్పండి. డిశ్చార్జి కాగితం, అన్నిటికన్నా ముఖ్యంగా బయాప్సీ రిపోర్టు, అంటే తీసిన ముక్కను పరీక్షించి ఇచ్చే కాగితం. అది పేగు మెలిపడిన ఆపరేషన్ కావచ్చు, అపెండిక్స్ కావచ్చు, అప్పుడు ఈ లెక్కే మారిపోతుంది. కాగితాలు దొరకకపోతే గుర్తున్న సంగతులు అడగండి. ఆపరేషన్ తర్వాత కీమో ఇచ్చారా? మలం బయటికి రావడానికి పొట్ట మీద సంచి పెట్టారా? ఆ వైపు బంధువుల్లో ఇంకెవరికైనా పేగు క్యాన్సర్, గర్భసంచి క్యాన్సర్ వచ్చాయా? గర్భసంచి గురించి ఎందుకంటే, లించ్ సిండ్రోమ్ అని ఒకటుంది. కుటుంబంలో దిగివచ్చే ఒక జన్యులోపం అది. అది ఉన్న ఇళ్లలో ఈ రెండు క్యాన్సర్లూ చిన్న వయసులోనే వస్తుంటాయి.

కొలనోస్కోపీ అంటే ఆయన లేచి వెళ్లిపోతున్నారని రాశారు. అందరికీ భయం పరీక్ష గురించే, కష్టం మాత్రం దాని ముందురోజుదే. ముందురోజు ద్రవాహారం తీసుకోవాలి, పేగు పూర్తిగా శుభ్రమయ్యే మందు నీళ్లలో కలుపుకుని తాగాలి, ఆ రాత్రి బాత్రూం చుట్టూ తిరగాలి. చిరాకు పని, కానీ అది సరిగా జరగాలి. పేగు శుభ్రంగా లేకపోతే చిన్న పాలిప్‌లు కనిపించక మళ్లీ చేయాల్సి వస్తుంది. ఐరన్ మాత్రలు కొన్ని రోజుల ముందే ఆపమంటారు, అవి పేగు గోడకు నల్లగా అంటుకుని చూపుకు అడ్డం వస్తాయి. ఎన్ని రోజులో అక్కడే అడగండి. రక్తం పలచబడే మందులు, షుగర్ మందులు వాడుతుంటే తప్పకుండా ముందే చెప్పండి.

అసలు పరీక్షకు మగతకు ఇంజెక్షన్ ఇస్తారు. చాలామందికి లేచేసరికి "అయిపోయిందా?" అన్నంతే గుర్తుంటుంది. అరగంట అటూ ఇటూ. తర్వాత కాసేపు గ్యాస్‌తో ఉబ్బరంగా ఉంటుంది. ఆ రోజు బండి నడపకూడదు, మీరు వెంట ఉండాలి. పేగుకు రంధ్రం పడటం లాంటి ప్రమాదం వెయ్యిమందిలో ఒకరికి కూడా జరగదు. సిగ్గు ఆయన సమస్య అయితే, గౌను వేస్తారు, కప్పి ఉంచుతారు, ఆ గదిలోని వాళ్లకు అది రోజూ చేసే పని అని చెప్పండి. నొప్పి గురించి అడిగే మగవాళ్లు చాలామంది నిజానికి అడగలేకపోతున్నది ఈ సిగ్గు గురించే.

ఈ పరీక్షకు ఇంకో గుణం ఉంది, దాని గురించి మనం తక్కువ మాట్లాడతాం. పెద్దపేగు క్యాన్సర్లు ఎక్కువగా పాలిప్ అనే చిన్న బుడిపె నుంచి మొదలవుతాయి. అన్ని పాలిప్‌లూ క్యాన్సర్ కావు. అయ్యేవాటికి సాధారణంగా పదేళ్ల వరకు పడుతుంది. కొలనోస్కోపీలో పాలిప్ కనిపిస్తే అక్కడికక్కడే తీసేయొచ్చు. అంటే రాబోయే క్యాన్సర్‌ను రాకముందే తీసేసినట్టు. ఇలా చేయడానికి వీలున్న క్యాన్సర్లు చాలా తక్కువ.

ఇంట్లోనే మలం శాంపిల్ తీసి పంపే ఫిట్ అనే పరీక్ష చాలదా అని ఆయన బేరమాడవచ్చు. కంటికి కనిపించని రక్తాన్ని పట్టుకునే మంచి పరీక్షే అది. ఏ లక్షణమూ లేనివాళ్లకు ఏడాదికోసారి చేయడానికి బాగా పనికొస్తుంది. కొన్ని దేశాల్లో లక్షణాలు ఉన్నవాళ్లలో ఎవరికి తొందరగా కొలనోస్కోపీ చేయాలో తేల్చడానికీ వాడుతున్నారు. కానీ రక్తం కంటికే కనిపిస్తున్నప్పుడు, దానికి రక్తహీనత కూడా తోడైనప్పుడు, ఫిట్‌లో ఏమీ లేదని వచ్చినా నేను ఆ మాటతో ఆగను.

ఒకవేళ ఏదైనా ఉందని తేలితే? మీ రాత్రిళ్ల భయం అక్కడికే వెళ్తుందని తెలుసు, అందుకే దాటవేయను. అమెరికా లెక్కల్లో, జబ్బు పేగులోనే ఉండగా దొరికినవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది ఐదేళ్ల తర్వాత కూడా బతికే ఉంటున్నారు. దూరపు అవయవాలకు పాకాక దొరికితే అది 15 శాతం దగ్గరికి పడిపోతుంది. జబ్బు ఒకటే, దొరికిన సమయమే తేడా. బయాప్సీలో క్యాన్సర్ అని వస్తే, అది ఎంతవరకు ఉందో చూడటానికి సీటీ స్కాన్, మలాశయంలో అయితే ఎమ్మారై కూడా చేస్తారు. తొలిదశలో చాలామందికి ఆపరేషన్‌తోనే సరిపోతుంది. అందరికీ సంచి పెడతారన్నది నిజం కాదు. పెట్టినా చాలామందికి కొన్ని నెలల తర్వాత తీసేస్తారు.

అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లాల్సినవి కొన్ని ఉన్నాయి. రక్తం ధారగా పోయి కళ్లు తిరగడం, పొట్ట బిర్రబిగుసుకుపోయి వాంతులవుతూ గ్యాస్ కూడా బయటికి పోకపోవడం, తట్టుకోలేని కడుపునొప్పి. అప్పుడు ఆయన ఒప్పుకుంటారా అని చూడకండి.

ఇక ఆయన్ను ఎలా ఒప్పించాలన్నది. క్యాన్సర్ అన్న మాటతో మొదలుపెట్టకండి. ఆ మాట వినగానే మనిషి వినడం మానేస్తాడు, మీరు చూస్తూనే ఉన్నారు. హిమోగ్లోబిన్‌తో మొదలుపెట్టండి. "రక్తం తగ్గింది, ఎందుకు తగ్గిందో తెలియాలి కదా" అనండి. దానికి ఎదురుచెప్పడానికి ఏమీ లేదు, అంకె కాగితం మీద ఉంది. కొలనోస్కోపీకి రమ్మని కాకుండా, ముందు డాక్టరు దగ్గరికి మాత్రం రమ్మనండి. అక్కడికి మీరూ వెళ్లండి, గదిలోకీ వెళ్లండి. ఎందుకంటే, "ఎలా ఉంది?" అని డాక్టరు అడిగితే ఆయన "కొంచెం పైల్స్ సార్" అంటారు, మిగతాదంతా మింగేస్తారు. మీరు ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. రక్తం ఏ నెలలో మొదలైంది, వారానికి ఎన్నిసార్లు కనిపిస్తోంది, పొద్దున్నే ఎన్నిసార్లు వెళ్తున్నారు, ముందు ఎంత బరువు ఉండేవారు, ఇప్పుడెంత, హిమోగ్లోబిన్ ఎంత, తండ్రికి ఎన్నో ఏట ఆపరేషన్. అర పేజీ చాలు. ఆ కాగితం డాక్టరు చేతికి ఇచ్చి, "ఇది పైల్స్ వల్లే అని లోపల చూసి చెప్పండి" అని అడగండి.

మీవారికి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే, మామగారి కాగితాలు దొరికిన రోజే వాళ్లకూ ఒక ఫోటో తీసి పంపండి. అది క్యాన్సరే అయితే వాళ్ల లెక్క కూడా 40 దగ్గరే మొదలవుతుంది. పరీక్ష అయ్యాక రిపోర్టు ఏం వచ్చిందో నాకు రాయండి, మంచి కబురైనా సరే.